అద్దాల హాలు, అద్దె లేని ఓనరు

సొంత ఆస్తిని సొంత ఖర్చుతో, మేస్త్రీకి వేళకి టీలు పోయించి మరీ కూలగొట్టించుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఒకసారి చోడవరం రండి. బస్సు దిగి ఎవర్నడిగినా నన్ను చూపిస్తారు. నా పేరు చెప్పనక్కర్లేదు. "అద్దాల మేస్టారు" అంటే చాలు. చూపించేవాడు ముందు నవ్వుతాడు, తర్వాత చెయ్యి చాపుతాడు. ఆ నవ్వు నాకు ఎలా దక్కిందో ఇప్పుడు చెబుతాను. మధ్యలో మీకూ నవ్వొస్తే ఆపుకోకండి. మా ఆవిడ ఆపుకోవడం మానేసి చాలా కాలమైంది.

నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. గిరాకీ పెరిగితే ధర ఏమవుతుంది, సరఫరా పెరిగితే ఏమవుతుంది అన్నది నన్ను నిద్రలో లేపి అడిగినా సుద్దముక్క కోసం తడుముకుంటూ చెప్పగలను. అంతటి విద్వాంసుణ్ణి. పేరు సూర్యనారాయణ, అందరికీ సూరిబాబుని. మా నాన్న పోతూ పోతూ మెయిన్ రోడ్డు మీద మూడు కొట్టు గదులు నాకు వదిలి వెళ్లాడు. చివరి గదుల్లో ఒకదాంట్లో టైలరు, ఇంకోదాంట్లో పురుగుమందుల కొట్టు. మధ్య గదిలో రమణ.

రమణది స్టీలు సామాన్ల కొట్టు. వాళ్ల నాన్న మా నాన్న దగ్గర అద్దెకు దిగాడు. ఆ తర్వాత కొట్టు రమణకి వచ్చింది, గది నాకు వచ్చింది. మేమిద్దరం బళ్లో ఒకే బెంచీ. నా లెక్కలు వాడు చేసేవాడు, వాడి తెలుగు నేను రాసేవాణ్ణి. పెద్దయ్యాక కూడా నేను ఓనర్నని వాడికి ఎప్పుడూ తోచలేదు, నాకూ తోచలేదు. కాలేజీ అయిపోగానే వాడి కొట్టుకెళ్లి, బోర్లించిన బియ్యం డ్రమ్ము మీద కూర్చునేవాణ్ణి. అది నా సింహాసనం. ఎవరైనా ఆ డ్రమ్ము కొంటానంటే, "అది ఇవ్వనండి, దాని మీద మా సూరిగాడు కూకుంటాడు" అని వాడు లోపల్నుంచి ఇంకోటి తెచ్చి ఇచ్చేవాడు.

అద్దె పెంచమని నేనెప్పుడూ అడగలేదు. దసరాకి వాడే పెంచేవాడు. "ఒరే సూరీ, ఈ ఏడు రెండు నోట్లు ఎక్కువెట్టేన్రా. కాదంటే సంపేస్తాను" అనేవాడు. ఇలాంటి అద్దెదారు ఏ దేశంలో ఉంటాడో చెప్పండి. మా దేశంలోనే ఉన్నాడు. ఉన్నవాణ్ణి ఏం చేశానో వినండి.

ఒక స్నేహితుడి కూతురి పెళ్లికని విశాఖపట్నం వెళ్లాను. భోజనం చేసి బస్సు కోసం నిలబడితే, నా ముందు ఒక తెల్ల కారు ఆగింది. అద్దం దిగింది. నల్ల కళ్లజోడు బయటికొచ్చింది.

"మేస్టారూ! నన్ను పోల్చుకున్నారా? జగదీష్‌ని! మీ సబ్జెక్టు రెండుసార్లు తప్పేను!"

పోల్చుకోకపోవడమేమిటి? డిమాండు రేఖని కిందనుంచి పైకి గీసి, "కింద గీస్తే బాగోలేదు సార్" అన్న మహానుభావుడు. ఇప్పుడు సిటీలో కొట్లు అద్దెకిప్పించే బ్రోకరట. కారులో ఎక్కించుకున్నాడు. బస్టాండుకి తీసుకెళ్లే ముందు ఊరంతా తిప్పాడు. తిప్పుతూ పాఠం చెప్పాడు.

"అదిగో ఆ బట్టల షోరూము సూసేరా? మొన్నటిదాకా అక్కడ ఇడ్లీ కొట్టుండేది. ఇప్పుడు అద్దె ఎంతో తెలుసా?"

చెప్పాడు. నేను సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాను.

"అది ఏడాదికి కదయ్యా?"

"నెలకి మేస్టారూ!"

ఇంకో వీధిలో ఇంకో కొట్టు, దాని మీద ఇంకా పెద్ద అంకె. వాడు అంకె చెప్పినప్పుడల్లా మా నాన్న కట్టించిన మూడు గదులు నా కళ్ల ముందు చిన్నబోయి కనిపించాయి. పిల్ల పెళ్లికి ఎదిగినా లంగాలు కుట్టిస్తున్న తండ్రిలా నాకు నామీదే అసహ్యం వేసింది.

"సిటీలో ఇంక సందు లేదు మేస్టారూ. అద్దెలు కట్టలేక కంపెనీలన్నీ మనలాటి ఊళ్ల మీద పడతన్నాయి. ట్రెండదే. సోడవరం మెయిన్ రోడ్లో హాలు సూపించమని ఒక సూపర్ మార్కెట్టోళ్లు నన్ను తినేస్తన్నారనుకోండి."

"మరి మా కొట్లున్నాయి కదా?"

జగదీష్ జాలిగా చూశాడు. నేను వాడి ఆన్సరు పేపరు చూసినప్పుడు నా ముఖం అలాగే ఉండేదనుకుంటాను.

"అవి రూములండి. రూములెవడిక్కావాలి? మధ్యలో గోడలు తీసేసి ఒకటే హాలు సెయ్యాలి. ముందంతా అద్దం. కింద టైల్సు. అప్పుడు సూడండి, అద్దె ఎలగ లేస్తాదో."

"అందులో మనుషులున్నారు కదయ్యా."

"ఖాళీ హాలు సూపిస్తే కంపెనీ వస్తాది. స్టీలు గిన్నెలు సూపిస్తే ఎందుకొస్తాది మేస్టారూ?"

చూశారా తర్కం! నా సబ్జెక్టు రెండుసార్లు తప్పిన వాడి నోట మొదటిసారి ఎకనామిక్స్ విని, నేను పులకించిపోయాను. ఇల్లు చేరేదాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి పెంకుటింటికీ మనసులో అద్దం బిగించుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి ఆ పెళ్లి శుభలేఖ వెనక మా ఆవిడ సత్యవతికి గ్రాఫు గీసి చూపించాను.

"ఈ నిలువుగీత ఏటండీ?"

"అద్దె."

"అడ్డగీత?"

"కాలం. కాలం ఇలా ముందుకెళ్తుంటే, అద్దె ఇలా పైకెళ్తుంది."

ఆవిడ శుభలేఖని అటు తిప్పింది, ఇటు తిప్పింది. "మరి రమణన్నయ్య ఎక్కడున్నాడండీ ఇందులో?"

"గ్రాఫులో మనుషులుండరే!" అన్నాను, గర్వంగా.

ఆ మాట అన్నప్పుడు నా మూతి మీద ఎవరూ కొట్టలేదు. చోడవరంలో అంత మంది జనం ఉండీ, సమయానికి ఒక్కరూ అందుబాటులో లేకపోయారు.

టైలరూ పురుగుమందులాయనా ఒక మాటకే ఒప్పుకున్నారు. మనిషి సరిగా అడగకపోతే పేచీ పెడతారు గానీ, నేను ఎంతో మర్యాదగా అడిగాను కనక మర్యాదగానే లోలోపల తిట్టుకుని వెళ్లారు. రమణకి చెప్పడానికి మాత్రం రెండు రోజులు కొట్టు ముందునుంచి అటూ ఇటూ తిరిగాను. చివరికి డ్రమ్ము మీద కూర్చుని, టీ తాగుతూ, ఆ టీ కూడా వాడు తెప్పించిందే, విషయం చెప్పాను.

రమణ పకపకా నవ్వాడు. "ఒరే సూరీ, నీకేటి జొరమొచ్చిందేటిరా?"

"కాదురా. కంపెనీ వస్తోంది. పెద్ద హాలు కావాలట."

"రానీరా. పక్క గదులు రెండూ ఇచ్చీ. నాను మధ్యలోంచి ఓ మూలకి జరుగుతాను. నాకు జాగా ఎంత కావాలి?"

"హాలు మధ్యలో గోడ ఉండకూడదట్రా."

వాడి నవ్వు తగ్గింది. "మరైతే మాఘమాసం పెళ్లిళ్లు అవనీ. చెరుకు డబ్బులు సేతికొచ్చేది ఇప్పుడే. పల్లెలోళ్లంతా సారెసామాన్లకి మన కొట్టుకే వస్తారు. సరుకు తెచ్చి పెట్టేసేను. పెళ్లిళ్లయ్యాక నువ్వన్న రోజున కాళీ సేసెత్తాను."

న్యాయమైన మాట. ఏ మనిషైనా సరేననేవాడు. కానీ జగదీష్ ఆ ఉదయమే ఫోన్ చేసి, కంపెనీవాళ్లు నెలాఖరుకి వచ్చేస్తున్నారని, ఆలస్యమైతే వేరే ఊరు చూసుకుంటారని అన్నాడు.

"కుదరదురా. నెలాఖరుకల్లా హాలు తయారుండాలి."

"అద్దె ఎక్కువ కావాల్రా? సెప్పరా, ఇస్తాను. ఎంతో అంత ఇస్తాను. కాళీ సెయ్యమనకు."

"అద్దె గురించి కాదురా రమణా. ఇది ట్రెండు."

రమణ నన్ను చాలాసేపు చూశాడు. బళ్లో నేను వాడి లెక్క కాపీకొట్టి, వాడికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న రోజున కూడా వాడు నన్నలా చూడలేదు. తర్వాత లేచి, నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకున్నాడు.

"అలాగేనండి ఓనరు గారూ" అన్నాడు.

వేళాకోళం చేస్తున్నాడనుకుని నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

సామాన్లు ఆటోల్లోకి ఎక్కించే రోజున సాయం పట్టడానికి వెళ్లాను. ఒక బిందె మీద చెయ్యి వేశాను. "మీకెందుకు సార్ శ్రమ" అని రమణ నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు. కసిరినా బాగుండేది. ఆ బిందెతో నెత్తి మీద ఒక్కటిచ్చినా ఈపాటికి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం. మార్కెట్టు వెనక సందులో ఒక గది దొరికిందని, అక్కడికి పోతున్నాడని టైలరు చెప్పాడు. రమణ నాతో ఆ మాట కూడా చెప్పలేదు.

ఇక మొదలైంది నా నిర్మాణ కార్యక్రమం, అంటే విధ్వంసం. మేస్త్రీ అప్పలస్వామి గోడ మీద సుత్తితో రెండుసార్లు తట్టి, "ఎవరు కట్టేరో గానీ మేస్టారూ, గట్టిగా కట్టేరు. కొట్టడానికే మనసొప్పట్లేదు" అన్నాడు. కట్టించింది మా నాన్న. కొట్టమన్నది నేను. గోడలు కూలాయి. నేల మీద మెరిసే టైల్సు పడ్డాయి. ముందంతా ఈ కొసనుంచి ఆ కొసదాకా అద్దం బిగించారు. బ్యాంకువాళ్లు నవ్వుతూ అప్పిచ్చారు. అప్పిచ్చేటప్పుడు వాళ్లు నవ్వుతారని, అది అప్పుడు మాత్రమేనని నాకు తర్వాత తెలిసింది.

హాలు తయారయ్యాక దాని మధ్యలో నిలబడి "ఆఁ" అన్నాను. నాలుగువైపులనుంచీ "ఆఁ" అని తిరిగొచ్చింది. ఆ హాలు నాకిచ్చిన ఆదాయంలో మొదటి వాయిదా అదే.

నెలాఖరుకి వస్తామన్న కంపెనీ నెలాఖరుకి రాలేదు. మాఘమాసం పెళ్లిళ్లన్నీ అయిపోయాక, మండుటెండలో, ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ పంపింది. అబ్బాయి టేపుతో హాలు కొలిచాడు. అమ్మాయి చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న యంత్రం పట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకుంది. హాలు ముందునుంచి ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టాలట. జనం ఉంటేనే కంపెనీ వస్తుంది.

జగదీష్ నాకు ముందే చెవిలో వేశాడు. "ఆ రోజు రోడ్డు మీద జనం కనపడాలి మేస్టారూ. ఎలగోలా సూసుకోండి."

చూసుకున్నాను. దేవరాపల్లి నుంచి మా అత్తగారినీ, ఆవిడ చెల్లెల్నీ, బావమరుదుల్నీ, వాళ్ల భార్యల్నీ ముందురోజే పిలిపించాను. పొద్దున్నే పప్పూ పులుసూ అన్నీ పెట్టి, రోడ్డు మీదికి తోలుకొచ్చి, అటు కొసనుంచి ఇటు కొసకి నడవమన్నాను.

"ఎన్నిసార్లు తిరగాలి బాబూ?" అని అడిగారు అత్తగారు.

"లెక్కేమీ లేదత్తయ్యా. ఆ కుర్చీలో అమ్మాయి లేచి వెళ్లేదాకా."

"మొక్కెవలిది?"

"మొక్కు కాదత్తయ్యా, వ్యాపారం."

"ఏటో, ఈ మద్దినొచ్చిన దేవుళ్లు నాకు తెలవరు" అని ఆవిడ చెంగు నడుముకి దోపి బయల్దేరారు.

మిగతావాళ్లు కాసేపు తిరిగి, తెలివిగా చెరుకురసం బండి దగ్గర ఆగిపోయారు. మా అత్తగారు మాత్రం మాట ఇస్తే తప్పని మనిషి. అటు వెళ్తారు, ఇటు వస్తారు. అటు వెళ్తారు, ఇటు వస్తారు. నేను దూరంగా నిలబడి యంత్రంలో అంకె పెరుగుతుంటే లోలోపల సంతోషిస్తున్నాను. ఇంతలో ఆ అమ్మాయి లేచి నా దగ్గరికే వచ్చింది.

"సార్, ఆ పచ్చచీర పెద్దావిడ పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నారు. దారి తప్పారేమోనని భయంగా ఉంది. ఆవిడెవరో మీకు తెలుసా?"

"తెలీదండీ" అన్నాను.

అన్నానండీ! పిల్లనిచ్చిన అత్తగారిని, నడిరోడ్డు మీద, పట్టపగలు, ఎవరో తెలీదన్నాను.

ఆ అమ్మాయి మంచి పిల్ల. వెళ్లి మా అత్తగారిని చెయ్యి పట్టుకుని నీడకి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్లిచ్చింది. "మీదే ఊరమ్మా? మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"మాది దేవరాపల్లమ్మా. మా అల్లుడు తిరగమన్నాడు, తిరగతన్నాను. అదిగో ఆ నీలం సొక్కా. ఈ అద్దాల కొట్టు ఆ బాబుదే. మీ కుంపినీ వస్తే మాకందరికీ మంచిదంట గదా? ఇంకెన్ని సుట్లు తిరగమంతావో సెప్పు తల్లీ, మోకాళ్లు లాగేస్తన్నాయి."

ఆ సమయంలో రోడ్డు మీద నీలం చొక్కా వేసుకున్నది నేనొక్కణ్ణే. నేను కరెంటు స్తంభం వెనక్కి తప్పుకున్నాను గానీ స్తంభం నాకంటే సన్నం. ఆ అమ్మాయి యంత్రంలో అంకె చూసింది, నన్ను చూసింది, దాన్ని సున్నా చేసి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

ఆనాటినుంచీ మా అత్తగారు మా ఇంటికొచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆగుతారు. "బాబూ, నానెవలో తెలిసిందా?" అని అడుగుతారు. తెలుసని నేను నలుగురిలో ఒప్పుకున్నాకనే లోపలికి అడుగు పెడతారు.

కొన్నాళ్లకి జగదీష్ ఫోన్ చేశాడు.

"మేస్టారూ, కంపెనీకి ఊరు నచ్చింది."

"హమ్మయ్య!"

"హాలు కూడా నచ్చింది."

"మరింకేం!"

"బళ్లు పెట్టుకోడానికి జాగా లేదన్నారు. అందుకని ఊరవతల సెరుకుతోట పక్కన పెద్ద షెడ్డు తీసుకున్నారు. ట్రెండు మారిపోనాది మేస్టారూ. కార్లేసుకొచ్చే జనానికి మెయిన్ రోడ్డెందుకు?"

"నువ్వే కదయ్యా మెయిన్ రోడ్డు కావాలన్నావు!"

"అది అప్పటి ట్రెండండి."

ఆ షెడ్డు వాళ్లకి ఇప్పించింది ఎవరో అడగకండి. అడగకపోయినా తెలిసిపోయి ఉంటుంది. వాడే. కమిషను ముట్టిందట. స్వీట్ల పొట్లం కూడా పంపాడు. మా ఆవిడ నా ముందే రెండు తిని, "బాగుందండీ, మీ హాలు రుచి" అంది.

అప్పట్నుంచీ నా హాలు ఊరి సేవలో తరించింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు దాని అద్దంలో చూసుకుని తల దువ్వుకునేవారు. కాలేజీ కుర్రాళ్లు మీసాలు సవరించుకునేవారు. ఒక మేక తన నీడతో తలపడి తలపడి, చివరికి దానికే విసుగొచ్చి వెళ్లిపోయింది. అంత పెద్ద హాలు అద్దెకి తీసుకోగల వ్యాపారి ఊళ్లో లేడు. చిన్న గదులడిగిన వాళ్లకి ఇవ్వడానికి నా దగ్గర గదుల్లేవు. ఒక బెల్లం వ్యాపారి కొన్నాళ్లు సరుకు దాచుకుంటానంటే సంతోషంగా ఇచ్చాను. బెల్లంతో పాటు చీమలొచ్చాయి. బెల్లం వెళ్లిపోయింది. చీమలు మాత్రం అద్దె లేకుండా ఉండిపోయాయి. ఖాళీ చెయ్యమంటే అవి "అలాగేనండి ఓనరు గారూ" అనే రకం కాదు.

చివరికి మళ్లీ అప్పలస్వామికి కబురు పెట్టాను. గోడలు ఎక్కడ కొట్టావో అక్కడే మళ్లీ కట్టమన్నాను.

అప్పలస్వామి తాపీ పక్కన పెట్టి, గంభీరంగా అడిగాడు. "మళ్లీ ఎప్పుడు కొట్టాలో ముందే సెప్తారా మేస్టారూ? సిమెంటు కొంచెం తక్కువేస్తాను. నాకూ సులువు, మీకూ కర్సు కలిసొస్తాది."

మూడు గదులూ మళ్లీ లేచాయి. తాళంచెవి జేబులో వేసుకుని రమణ కోసం బయల్దేరాను. ఎన్నాళ్లైనా స్నేహితుడు స్నేహితుడే కదా, పాత అద్దెకే పిలిస్తే పరుగెత్తుకొస్తాడని నా ధీమా. చూశారా, అంత దెబ్బ తిన్నాక కూడా ధీమా మాత్రం చెక్కు చెదరలేదు.

మార్కెట్టు వెనక సందుకి వెళ్తే అక్కడ కొట్టు లేదు. మూసేసి చాన్నాళ్లైందని పక్కన పూలమ్మే ఆవిడ చెప్పింది. పల్లెలనుంచి వచ్చినవాళ్లు మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, తెలిసిన చోట అద్దాలూ తాళమూ చూసి, రమణ వ్యాపారం మానేశాడనుకుని అదే బస్సులో అనకాపల్లి పోయేవారట. సందులో వాడు ఉన్నాడని ఎవరికీ తెలియలేదు. తెచ్చి పెట్టుకున్న పెళ్లిళ్ల సరుకు వచ్చిన ధరకి తోసేశాడట.

"ఇప్పుడు ఆటో మీద ఊళ్లెంట తిరగతన్నాడు బాబూ. రావికమతం కాసి ఎల్తే దొరుకుతాడు" అందావిడ.

స్కూటరు వేసుకుని ఆ వైపు వెళ్లాను. రావికమతం దాటాక ఒక పల్లెలో, రామాలయం ముందు ఆటో ఆగి ఉంది. వెనకంతా గిన్నెలూ బిందెలూ కట్టి ఉన్నాయి. మైకులో రమణ గొంతు ముందే రికార్డు చేసి పెట్టినట్టుంది, దాని మానాన అది అరుస్తోంది. అసలు రమణ పక్కన నిలబడి ఒక ముసలమ్మకి గరిటె చూపిస్తున్నాడు. నన్ను చూసి మైకు కట్టేశాడు. మెడలో తువ్వాలు తీసి ఆటో సీటు తుడిచాడు.

"కూర్చోండి సార్."

"సార్ ఏటిరా రమణా! నేన్రా, సూరిగాణ్ణి!"

"ఓనర్లని సార్ అనకపోతే ఎలగండి?" అన్నాడు. కోపంగా అనలేదు. కొనేవాళ్లతో మాట్లాడినట్టు అన్నాడు.

"గది కట్టించేశాన్రా. నీ గదే, మధ్య గది. పాత అద్దే. అదీ వద్దంటే మానెయ్. రేపే వచ్చీరా."

రమణ గరిటెని తువ్వాలుతో తుడిచి ఆటోలో పెట్టాడు.

"కొట్టెట్టాలంటే నిండా సరుకుండాల సార్. నాకున్నదంతా ఇదిగో, ఈ ఆటోలోదే." ఆగి, మళ్లీ అన్నాడు. "ఇంకోటి సెప్పనా? ఇప్పుడు నాకు అద్దె లేదు, ఓనరు లేడు. పొద్దున్న లెగిస్తే ఎవడూ వచ్చి కాళీ సెయ్యమనడు. ఎండకి మాడతన్నాను గానీ నిద్దర పడతంది సార్."

"తప్పైపోయిందిరా" అన్నాను.

"అందులో మీ తప్పేటుంది సార్? ట్రెండు కదా."

వాడు వెటకారంగా అన్నా ఆ మాట మింగగలిగేవాణ్ణి. నిజంగానే ఓదారుస్తున్నట్టు అన్నాడు. ఏం చెయ్యాలో తెలియక ఒక చెంబు కొన్నాను. వాడు బేరం చెప్పాడు. నేను బేరమాడలేదు. వాడు తగ్గించలేదు. చెంబు కవరులో పెట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, "థాంక్యూ సార్, మళ్లీ రండి" అన్నాడు. మైకు మళ్లీ మోగింది. నేను స్కూటరు తిప్పుకుని వచ్చేశాను. దారి పొడుగునా ఆ చెంబు హ్యాండిల్‌కి తగిలి టంగుటంగుమంటూనే ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ చెంబు చూసింది, నా ముఖం చూసింది. ఆ ఒక్క రోజు మాత్రం నవ్వలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. కానీ నా జాతకం రాసినవాడికి ఇంకో వరుస చోటు మిగిలింది. కిందటి వేసవిలో తెల్ల కారు ఒకటి మా ఇంటి ముందు ఆగింది. అద్దం దిగింది. నల్ల కళ్లజోడు బయటికొచ్చింది.

"మేస్టారూ, మీ మధ్య గదికి పార్టీని తెచ్చేను."

"ఏ కంపెనీ?"

"కంపెనీ ఏటండి, నేనే! సిటీలో ఆఫీసు అద్దె కట్టలేకపోతన్నాను. అక్కడ ఒకటే పెంచేస్తన్నారు, నాయం లేదు. మనూళ్లోనే ఆఫీసెట్టుకుందామని."

లోపలికి పిలిచి కూర్చోబెట్టి అద్దె చెప్పాను. వాడు నోట్లో పెట్టుకున్న బిస్కెట్టు, అది మా ఆవిడ పెట్టిందే, బయటికి తీశాడు.

"అంత ఎక్కడ మేస్టారూ? మెయిన్ రోడ్లో ఎన్ని కొట్లు కాళీగున్నాయో సూసేరా? సప్లయి ఎక్కువ, డిమాండు తక్కువ. అప్పుడు ధర ఏటవుద్ది? మీరే కదా బోర్డు మీద గీసి సెప్పేరు!"

రెండుసార్లు తప్పిన వెధవకి సరిగ్గా ఆ ఒక్క పాఠం, సరిగ్గా ఆ ఒక్క రోజున గుర్తొచ్చింది. తప్పని చెప్పడానికి లేదు. చెబితే నా ఉద్యోగానికే అర్థం లేదు. పక్క గదులు రెండిటికీ ఎవరూ రాలేదు కనక, చివరికి రమణ కట్టినదానికంటే తక్కువకి కుదిరింది. మధ్య గది మీద ఇప్పుడు పెద్ద బోర్డు వెలుగుతోంది: "కమర్షియల్ ప్రాపర్టీ సలహాదారు." చుట్టుపక్కల ఊళ్లనుంచి కొట్ల ఓనర్లు వచ్చి కూర్చుంటారు. గోడలు కొట్టాలా వద్దా అని అడుగుతారు. జగదీష్ కుర్చీ వెనక్కి వాల్చి, గుమ్మంలోంచి వెళ్తున్న నన్ను చూపిస్తాడు. "మా ఓనరు గారేనండి. ఆయన కూడా నా సలహా మీదే నడిచేరు. అడగండి కావాలంటే!" వాళ్లు లేచి నాకు నమస్కారం పెడతారు. నేనూ పెడతాను. ఆ నెల అద్దె ఇంకా రాలేదు కనక అంతకంటే ఏమీ అనలేను.

కాబట్టి నేను, సూర్యనారాయణ అనబడే అద్దాల మేస్టార్ని, చోడవరం మెయిన్ రోడ్డు సాక్షిగా, మా అత్తగారి మోకాళ్ల మీద ఒట్టు పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక గోడ కొట్టను. గ్రాఫు గీయను. "ట్రెండు" అన్న మాట నా నోట రానివ్వను. ఆ మాట పలికినవాడెవడైనా సరే, వాణ్ణి నా కొట్టు గడప తొక్కనివ్వను.

చిక్కల్లా ఒక్కటే. ఆ గడపకి అద్దె కట్టేవాడు వాడొక్కడే.